అన్నములోని అక్షరములు

శ్రీకాకుళం జిల్లాలో వంశధార ఎడమగట్టున శ్రీముఖలింగ క్షేత్రమున్నది. మధుకేశ్వర, భీమేశ్వర, సోమేశ్వరాలయములు మూడును తూర్పు గాంగుల నాటి శిల్పవైభవమునకు నేటికిని సాక్షులై నిలిచియున్నవి. మధూకమనగా ఇప్పచెట్టు. ఆ చెట్టు మొదలున స్వామి వెలసెనని స్థలపురాణము. ఈ ఆలయపు స్తంభములపైనను గోడలపైనను పెక్కు శాసనములు కలవు. వానిలో చాలభాగము అఖండదీపములకై భక్తులు చేసిన దానములను చెప్పునవి. గాంగుల రాజధానియైన కళింగనగరము ఈ ముఖలింగమే యని వాదించి నిలిపినవారు శ్రీ గిడుగు రామమూర్తి పంతులుగారు. వారు 1863లో ఈ క్షేత్రమునకు దాపున, వంశధారా తీరముననే ఉన్న పర్వతాలపేటలో జన్మించిరి. ప్రాచీన లిపులను స్వయంకృషిచే నేర్చి ఈ శాసనములను చదివిరి. వాడుకభాష కొరకు జీవితమంతయు పోరాడిన ఆ పెద్దల పేరు ఇట్టి గ్రాంథికములో తలచుట కొంత సాహసమే గాని, వారు మన్నింతురని మా ధైర్యము.

శాసనము చదువువారికి ఒక్కొక్క అక్షరము ప్రాణము. ఒక అక్షరము అరిగినచో రాజు పేరు మారిపోవును. ఒక అంకె చెడినచో శతాబ్ది మారిపోవును. గాంగశకము ఏ సంవత్సరమున మొదలయ్యెనను ప్రశ్నపై పండితులు ఎంతకాలము తర్కించిరో చరిత్ర చదివినవారెరుగుదురు. మేము నేడు చెప్పదలచినది శిలాశాసనములను గూర్చి కాదు. అటువంటి లిపియే మరియొకటి మన కంచములోని మెతుకులో, పప్పుబద్దలో, మన రక్తములో, కండలో వ్రాయబడియున్నది. ఆ లిపిలోని అక్షరములకే అమినో ఆమ్లములని పేరు. వానిని చదువుట మానవునికి అలవడి రెండు వందల ఏండ్లు దాటినది. ఆ చదువులోని ఒక ముఖ్యమైన అధ్యాయము మన తెలుగునాటనే, మన జొన్నకూటి చుట్టును నడిచినది.

ముందుగా ఆ అక్షరము ఎట్లుండునో చూతము. నడుమ ఒక కర్బన పరమాణువు. దానికి ఒక ప్రక్క నత్రజనితో కూడిన అమినో గుంపు, రెండవ ప్రక్క పులుపు స్వభావము గల ఆమ్లపు గుంపు, మూడవ ప్రక్క ఒక ఉదజని పరమాణువు. ఈ మూడును అన్నిటికిని సమానమే. నాలుగవ ప్రక్కన ఏమి తగులుకొనియున్నదో దానిని బట్టి ఒక అమినో ఆమ్లము మరియొకదానితో భేదించును. అక్కడ మరియొక ఉదజని మాత్రమే ఉన్నచో అది గ్లైసిన్. అన్నిటికంటె చిన్నది. గంధకము చేరినచో సిస్టీన్ గాని మెథియొనిన్ గాని అగును. ఒకదాని ఆమ్లపు కొస మరియొకదాని అమినో కొసను పట్టుకొనునపుడు వాని నడుమ నుండి ఒక నీటి అణువు వెలికి పోవును. రైలు పెట్టెలు కొక్కెములతో కలిసినట్లు అవి ఒకదాని వెనుక నొకటి చేరి పొడవైన గొలుసులగును. ఆ గొలుసులే మాంసకృత్తులు. మాంసకృత్తు అనగా మాంసమని కొందరు శాకాహారులు ముఖము చిట్లింతురు. ఆ మాటకర్థము మాంసమును కల్పించునదియని. కందిపప్పులోను అది కావలసినంత ఉన్నది. మన శరీరము మాంసకృత్తులను కట్టుటకు వాడుకొను అమినో ఆమ్లములు ప్రధానముగా ఇరువది. తెలుగువర్ణమాలతో పోల్చినచో సగము కూడ కాదు. ఆ ఇరువదితోనే గోరు, వెండ్రుక, కంటిపొర, జీర్ణరసము, ఇన్సులిన్, హీమోగ్లోబిన్ అన్నియు వ్రాయబడినవి.

ఈ అక్షరములు ఒక్కసారిగా దొరకలేదు. 1806లో పారిస్ నగరమున వోక్లాన్, రోబికే అను రసాయనజ్ఞులు ఆస్పరాగస్ మొక్క రసములో స్ఫటికములను కనుగొనిరి. అది మన శతావరికి దాయాది మొక్క. ఆ మొక్క పేరు మీదనే ఆ పదార్థమునకు ఆస్పరజిన్ అని పేరు వచ్చెను. అమినో ఆమ్లములలో మొట్టమొదట మనుష్యుని చేతికి చిక్కినది ఇదియే. 1810లో ఇంగ్లండున ఉల్లాస్టన్ మూత్రాశయములోని రాతినుండి మరియొకదానిని తీసెను. 1820లో ఫ్రాన్సు దేశీయుడగు బ్రాకొన్నో, తోలు ఎముకల నుండి తీసిన జెలటిన్ జిగురును గంధకికామ్లముతో కాచి, నాలుకకు తీయగా తగులు స్ఫటికములను పొందెను. అది గ్లైసిన్, ఆ పేరునకు గ్రీకుభాషలో తీపి యనియే మూలము. ఆ సంవత్సరముననే అతడు ఉన్నినుండి, కండనుండి తెల్లని పదార్థమును తీసి దానికి తెలుపును తెలుపు లూసిన్ అను పేరు పెట్టెను. ఈ లూసిన్‌ను శ్రోతలు గుర్తుంచుకొనవలెను. మన కథలో ఇది మరల వచ్చును. మాంసకృత్తులకు పాశ్చాత్యులు వాడు ప్రొటీన్ అను పేరు 1838లో ముల్డర్ వ్రాతలలో కనబడెను. ఆ మాటను సూచించినవాడు స్వీడను దేశపు బెర్జీలియస్. 1889లో డ్రెక్‌సెల్ లైసిన్‌ను, 1901లో హాప్‌కిన్స్, కోల్ ట్రిప్టోఫాన్‌ను పాలలోని కేసీన్ నుండి వేరుచేసిరి. కట్టకడపటి ముఖ్యాక్షరమైన త్రియొనిన్ 1935 వరకును దొరకలేదు.

అక్షరములు దొరకుట వేరు, వాక్యము చదువుట వేరు. జర్మనీ రసాయనజ్ఞుడు ఎమిల్ ఫిషర్ ఈ శతాబ్దములు మారు సంధికాలమున అమినో ఆమ్లములు ఒకదానికొకటి ఎట్లు ముడిపడునో తేల్చెను. 1907 నాటికి పదునెనిమిది అక్షరముల గొలుసును తన చేతులతో కట్టగలిగెను. అయినను ప్రకృతి కట్టిన గొలుసులో ఏ అక్షరము తరువాత ఏ అక్షరమున్నదో ఎవరికిని తెలియదు. కేంబ్రిడ్జిలో ఫ్రెడరిక్ సాంగర్ ఏండ్ల తరబడి శ్రమించి 1955 నాటికి ఇన్సులిన్‌లోని 51 అమినో ఆమ్లముల వరుసను సంపూర్ణముగా చదివెను. ముఖలింగ స్తంభములను చదువుటకు ఎంత ఓర్పు కావలెనో దీనికి అంతకు మించి కావలసివచ్చెను. శాసనము ఎదుట నిలిచియుండును. ఇది కంటికి కనబడదు.

వరుసలో ఒక్క అక్షరము మారినచో ఏమగునో మన మన్యమును చూచిన తెలియును. రక్తములో ప్రాణవాయువును మోయు హీమోగ్లోబిన్‌లో నాలుగు గొలుసులుండును. వానిలో బీటా అను గొలుసు 146 అమినో ఆమ్లముల నిడివి గలది. ఆ 146లో ఆరవచోట గ్లుటామిక్ ఆమ్లము ఉండవలెను. కొందరిలో దానికి బదులు వేలిన్ ఉండును. అంతియే తేడా. ఆ తేడా వలన ప్రాణవాయువు తగ్గినపుడు హీమోగ్లోబిన్ అణువులు ఒకదానినొకటి పట్టుకొని కడ్డీలవలె పేరుకొనును. గుండ్రని రక్తకణము కొడవలివలె వంకర తిరుగును. సన్నని నాళములలో ఆ కణములు చిక్కుకొని, తాళలేని నొప్పులు, రక్తహీనత కలుగును. ఇది అణువులోని దోషమని 1949లో పౌలింగ్ బృందము చూపగా, ఆ దోషము ఈ ఒక్క అక్షరముననే ఉన్నదని 1956, 57 సంవత్సరములలో ఇన్‌గ్రామ్ కనుగొనెను. ఉత్తరాంధ్ర మన్యములలోని గిరిజనులలో ఈ లక్షణము కలవారున్నారు. తల్లి తండ్రి ఇరువురి నుండియు ఈ మార్పు వచ్చినవానికే వ్యాధి. ఒక్కరి నుండియే వచ్చినవానికి వ్యాధి లేకపోగా మలేరియా నుండి కొంత రక్షణ కలుగునని 1954లో ఆలిసన్ ఆఫ్రికాలో చూపెను. మన్యపు చలిజ్వరము ఎన్ని తరములను పొట్టన పెట్టుకొన్నదో ఈ ప్రాంతమువారికి వేరుగ చెప్పనక్కరలేదు. ఆ జ్వరమునకు ఎదురు నిలిచిన అక్షరదోషమే బిడ్డలకు శాపమైనది. 2023 జులై 1న మధ్యప్రదేశములోని షహడోల్‌లో ఆరంభమైన జాతీయ కార్యక్రమము 2047 నాటికి ఈ వ్యాధిని తొలగింపవలెనని లక్ష్యము పెట్టుకొన్నది. రక్తపరీక్ష చేయించుకొని, పెండ్లికి ముందే వధూవరుల సంగతి తెలిసికొనుట ఇందు మొదటి మెట్టు.

మరల కంచము దగ్గరకు వత్తము. తిన్న మాంసకృత్తును మన కడుపు ఉన్నదున్నట్లుగా కండలో చేర్చదు. ముందు దానిని అక్షరములుగా విడగొట్టి, ఆ అక్షరములతో తనకు కావలసిన మాటలను తాను వ్రాసికొనును. ఇరువదిలో కొన్నిటిని శరీరము ఇతర పదార్థముల నుండి తయారుచేసికొనగలదు. కొన్నిటిని చేసికొనలేదు, అవి అన్నములోనే రావలెను. ఈ సంగతి మొదట ఎలుకల వలన తెలిసెను. 1906లో విల్‌కాక్, హాప్‌కిన్స్ చిట్టెలుకలకు మొక్కజొన్నలోని జీన్ అను మాంసకృత్తును మాత్రమే పెట్టగా అవి చచ్చెను. దానికి కొంచెము ట్రిప్టోఫాన్ చేర్చగా ఇంకొంతకాలము బ్రదికెను గాని పెరుగలేదు. 1914లో అమెరికాలో ఆస్‌బోర్న్, మెండెల్ దానికి లైసిన్ కూడ చేర్చిరి. ఎలుకలు పెరుగ నారంభించెను. కడుపు నిండుటయు కండ పెరుగుటయు ఒకటి కాదని ఇట్లు తేలెను. ఆపై ఇలినాయ్ విశ్వవిద్యాలయములో విలియం రోజ్ 1942 నుండి తన విద్యార్థులకే శుద్ధమైన అమినో ఆమ్లములు, పిండిపదార్థము, వెన్నతో చేసిన తిండి పెట్టి, ఒక్కొక్క దానిని తీసివేసి చూచెను. పెద్దలకు లైసిన్, ట్రిప్టోఫాన్, మెథియొనిన్, త్రియొనిన్, లూసిన్, ఐసోలూసిన్, వేలిన్, ఫినైల్ అలనిన్ అను ఎనిమిదియు తప్పనిసరి యని తేలెను. తరువాత హిస్టిడిన్ కూడ చేరి తొమ్మిదయ్యెను. ఆ విద్యార్థులు రుచియు పచియు లేని ఆ తిండిని దినముల తరబడి ఎట్లు తినిరో గాని, వారి ఋణము లోకము తీర్చలేదు.

అచ్చుకూటమును చూచినవారికి ఒక ఉపమానము చెప్పవచ్చును. సీసపు అక్షరములు గడులలో పోసి ఉండెడి రోజులలో, 'మ' అక్షరపు గడి ఖాళీయైనచో తక్కిన అక్షరములు గంపలకొలది ఉన్నను పుట ముందుకు సాగెడిది కాదు. శరీరమునకును అంతే. ఒక్క అవసరమైన అమినో ఆమ్లము తగ్గినచో తక్కినవి ఎంత ఉన్నను కండ కట్టుట అక్కడికి ఆగును. మిగిలిన వానిని దాచుకొనుటకు శరీరములో గాదెలు లేవు. వానిలోని నత్రజనిని యూరియాగా మార్చి మూత్రములో పంపివేసి, తక్కిన భాగమును పొయ్యిలో కట్టెవలె వాడుకొనును. బియ్యములో ఖాళీయగు గడి లైసిన్. పప్పులలో లైసిన్ సమృద్ధి. అక్కడ తక్కువైనది గంధకము గల మెథియొనిన్. అది బియ్యములో కొంత మేలుగ ఉన్నది. 100 గ్రాముల బియ్యములో మాంసకృత్తు సుమారు 7 గ్రాములు, పప్పులలో 22 గ్రాములకు అటు ఇటు. రెండును కలిపి తిన్నచో ఒకదాని వెలితిని ఒకటి పూడ్చును. వంశధార పల్లపు పొలములలో వరి పండును. కోతలైన పిమ్మట ఆ తేమకే పెసలు, మినుములు చల్లుదురు. మెట్టలలో చోళ్ళు, గంటెలు, ఉలవలు. పొంగలి, పప్పన్నము, ఇడ్డెన, చోడి అంబలితో ఉలవల గుగ్గిళ్ళు, చేపలు దొరికిననాడు చేపల పులుసు: ఇవన్నియు గడులు నింపుకొను పద్ధతులే. ఒకే ముద్దలో రెండును ఉండవలెనన్న నియమము లేదు. ఒకే దినములో పడిన చాలును.

మన పూర్వులకు అమినో ఆమ్లములు తెలియునని చెప్పువారితో మేము ఏకీభవింపజాలము. వారికి తెలిసినది నేల, వాన, రుచి, ఆకలి. పప్పు కొనలేని ఇంట గంజియు ఉప్పుగల్లుతోనే పూట గడచినది. ఆ ఇంటి కంచమును లెక్కింపక పొంగలిని పొగడుట సరియైన చరిత్ర కాదు.

ఈ కథలో తెలుగువాని పేరు ఒకటి ప్రపంచమంతట నిలిచినది. 1895 జనవరి 12న భీమవరములో జన్మించిన ఎల్లాప్రగడ సుబ్బారావుగారు హార్వర్డులో ఫిస్కేతో కలిసి 1925లో భాస్వరమును కొలుచు పద్ధతిని కనిపెట్టిరి. ఆ పద్ధతి చేతనుండుట వలననే 1927లో కండలోని ఫాస్ఫొక్రియాటిన్ వారికి దొరకెను. కండ ఒక్కసారి బిగియునపుడు వెంటనే అందు శక్తి ఇందులో దాగియున్నది. ఇందలి క్రియాటిన్‌ను శరీరము గ్లైసిన్, ఆర్జినిన్, మెథియొనిన్ అను మూడు అమినో ఆమ్లముల నుండి చేసికొనును. 1929లో ఏ.టి.పి. అను శక్తిద్రవ్యమును, జర్మనీలో లోమన్ కనుగొన్న కాలముననే, వీరును కనుగొనిరి. సోదరుని స్ప్రూ వ్యాధి పొట్టన పెట్టుకొనగా చూచిన మనిషి. లెడర్లే సంస్థలో 1945లో వారి బృందము సంధానించిన ఫోలిక్ ఆమ్లము ఆ వ్యాధికి మందయ్యెను. ఫోలిక్ ఆమ్లపు తోక గ్లుటామిక్ ఆమ్లమే. అదే అణువును కొంచెము మార్చి చేసిన అమినోప్టెరిన్‌తో 1948లో ఫార్బర్ పసిపిల్లల రక్తపు కేన్సరును కొంతకాలము అణచగలిగెను. ఆ సంవత్సరముననే సుబ్బారావుగారు అమెరికాలోనే కన్నుమూసిరి.

ఇక లూసిన్ సంగతి. 1735లో స్పెయినులో గాస్పర్ కసాల్ అను వైద్యుడు బీదరైతులలో ఒక వింతరోగమును వర్ణించెను. ఎండ తగులు చోట్ల, ముంజేతులపై, మెడ చుట్టును చర్మము నల్లబడి మొద్దుబారి పొరలుగా లేచును. ఆపై విరేచనములు, కడపట మతి చలించును. ఇటలీలో దీనికి పెల్లాగ్రా అని పేరు వచ్చెను, అనగా గరుకు చర్మము. మొక్కజొన్న ముఖ్యాహారమైన దేశములన్నిటను ఇది పాకెను. అంటువ్యాధి యని చాలమంది నమ్మిరి. అమెరికాలో గోల్డ్‌బర్గర్ 1915లో మిసిసిపీ చెరసాల పొలములోని ఖైదీలకు వారి సమ్మతితో వట్టి మొక్కజొన్న, బెల్లపు పాకము వంటి తిండిని నెలల తరబడి పెట్టి ఆరుగురిలో ఆ రోగమును తెప్పించి, ఇది తిండిలోని లోపమేయని చూపెను. 1937లో ఎల్వెహెమ్ నికొటినిక్ ఆమ్లము, అనగా నయాసిన్, కుక్కలలోని నల్లనాలుక వ్యాధిని మాన్పునని కనుగొనెను. అది మనుష్యుల పెల్లాగ్రాకును మందయ్యెను. 1945లో మరియొక విశేషము బయటపడెను. ట్రిప్టోఫాన్ అను అమినో ఆమ్లము నుండి శరీరము స్వయముగా నయాసిన్‌ను చేసికొనగలదు. 60 మిల్లీగ్రాముల ట్రిప్టోఫాన్ ఒక మిల్లీగ్రాము నయాసిన్‌తో సమానమని తరువాత లెక్క తేలెను. మొక్కజొన్నలో ట్రిప్టోఫాన్ తక్కువ. ఉన్న నయాసిన్ కూడ అరుగని రూపములో బిగిసియుండును. చిక్కు విడిపోయినదని శాస్త్రజ్ఞులు ఊపిరి పీల్చుకొనిరి.

అయితే దక్కను పీఠభూమిలో, తెలంగాణ పల్లెలలో, మొక్కజొన్న ముఖ్యాహారము కాని బీదకూలీలకు ఈ రోగము వచ్చుచుండెను. వారు తినునది జొన్న. 1918లో కూనూరులోని పాస్టర్ సంస్థలో మెక్‌కారిసన్ ఒక చిన్నగదిలో ఆరంభించిన పరిశోధన క్రమముగా పెరిగి పోషకాహార పరిశోధనశాలయై, 1958లో హైదరాబాదునకు తరలి వచ్చెను. అదియే 1969 నుండి జాతీయ పోషకాహార సంస్థ. ఆ సంస్థకు 1960లో అధిపతియైన డాక్టరు సి. గోపాలన్, డాక్టరు ఎస్. జి. శ్రీకాంతియా ఈ ప్రశ్నను చేపట్టిరి. జొన్నలో నయాసిన్ బియ్యములోని దానికి తీసిపోదు. మొక్కజొన్నలో వలె అది బిగిసియుండదు. ట్రిప్టోఫాన్ కూడ అంత తక్కువ కాదు. బియ్యము తిను బీదవానికి లేని పెల్లాగ్రా జొన్న తిను బీదవానికి ఎందుకు రావలెను? లోపము ఎక్కడను కనబడనపుడు వారు ఆధిక్యము కొరకు వెదకిరి. మొక్కజొన్నకును జొన్నకును ఉమ్మడిగా ఒకటి అధికముగానున్నది. అది లూసిన్. బియ్యపు మాంసకృత్తులో నూటికి 8 పాళ్ళ లూసిన్ ఉన్నచో, జొన్నలో 13 పాళ్ళకు అటు ఇటుగా ఉండును. అవసరమైన అక్షరములలో ఒకటి గడినిండి పొంగి ప్రక్కగడులలో పడి వానిని చెరచుచున్నదేమోయని వారి ఊహ. 1960లో లాన్సెట్ పత్రికలో లూసిన్, పెల్లాగ్రా అను విషయముపై వారి వ్యాసము వెలువడెను. లూసిన్‌ను అదనముగా ఇచ్చినపుడు, ట్రిప్టోఫాన్ నుండి నయాసిన్ తయారగు దారిలోని పదార్థములు మూత్రములో మారి కనబడెను. 1965లో డాక్టరు భవానీ బెలవాడి, గోపాలన్ కుక్కలకు జొన్న తిండి పెట్టి నల్లనాలుక వ్యాధిని తెప్పించిరి. లూసిన్‌కు తోబుట్టువు వంటి ఐసోలూసిన్ ఈ చెరుపునకు విరుగుడగునని తరువాతి పరిశోధనలలో సూచించిరి. లూసిన్ తక్కువగా గల జొన్న రకములను ఏరి పండింపవచ్చునను ఆలోచన కూడ అక్కడనుండి వచ్చినదే.

ఈ సిద్ధాంతమును లోకమంతయు ఒప్పుకొన్నదని చెప్పరాదు. ఇతర దేశములలోని పరిశోధకులు ఎలుకలతో చేసిన పరీక్షలలో కొన్నిట లూసిన్ ప్రభావము కనబడలేదు. కొందరు బి6 విటమిను లోపమును ముందుకు తెచ్చిరి. మా తలంపున, లూసిన్ ఒంటరి దోషి కాకపోవచ్చును. తిండి మొత్తము అంచు మీద నున్నపుడు అది తోసివేయు చేయి కావచ్చును. ఏమైనను ఆ ప్రశ్న అడిగిన పద్ధతి గొప్పది. లోపమును మాత్రమే రోగకారణముగా చూచుచున్న కాలమున, అమినో ఆమ్లముల నడుమ పొందిక చెడుట కూడ రోగమగునని మన హైదరాబాదు నుండి ఒక మాట లోకమునకు వినబడెను.

ఆ రోగము తగ్గినది మాత్రము ప్రయోగశాలలోని ఏ కొత్త జొన్నగింజ వలనను కాదు. జొన్నయొక్కటే ఆధారమైన కంచము తగ్గుచు వచ్చెను. 1983లో ఆంధ్రప్రదేశ ప్రభుత్వము కిలో రెండు రూపాయల బియ్యపు పథకమును ఆరంభించెను. జొన్నచేలు పోయి పత్తి, మిరప వచ్చెను. పెల్లాగ్రా అరుదయ్యెను. ఇపుడు పట్టణములలో చిరుధాన్యములకు మరల గౌరవము వచ్చి, 2023ను ఐక్యరాజ్యసమితి చిరుధాన్యముల సంవత్సరముగా ప్రకటించెను. పప్పు, పాలు, కూర, గ్రుడ్డుతో జొన్నరొట్టె తినువారికి లూసిన్ భయము అక్కరలేదు. నాటి కూలీ రొట్టెతో నంజుకొన్నది మిరపకాయయు ఉప్పును.

1950, 60లలో మరియొక గొప్ప వాదము నడిచెను. బీదదేశముల పిల్లలు కృశించుటకు మాంసకృత్తుల కొరతయే ముఖ్యకారణమని ఐక్యరాజ్యసమితి సంస్థలు తలచెను. చేపపిండి, నూనెగింజల చెక్కపిండి, సూక్ష్మజీవుల నుండి తీసిన మాంసకృత్తు, ఇట్లు ఎన్నియో యోచనలు. గోధుమలోను బియ్యములోను ఖాళీయగు గడి లైసినే గనుక, కార్ఖానాలో చేసిన లైసిన్‌ను పిండిలో కలిపిన సరిపోవునని కొందరు లెక్క వేసిరి. ఎలుకల పంజరములో ఆ లెక్క తప్పదు. థాయిలాండులో పల్లెపిల్లల బియ్యమునకు లైసిన్, త్రియొనిన్, విటమినులు చేర్చి కొన్నేండ్లు చూచిరి. దాని వలన పిల్లలు ఎక్కువ పెరిగినట్లు కనబడలేదు.

ఎందుకు పెరుగలేదో పొయ్యి ఉపమానము వలన తెలియును. శరీరమునకు మొదటి అవసరము వేడిమి, కదలిక, ఊపిరి. వానికి కావలసిన కట్టె పిండిపదార్థము నుండి, నూనె నుండి రానిచో, శరీరము అమినో ఆమ్లములనే పొయ్యిలో పెట్టును. ఆకలితో నున్న పిల్లవానికి లైసిన్ ఇచ్చుట, వంటచెరకు లేని ఇంటిలో పుస్తకములు పంచిపెట్టుట వంటిది. చదువుటకు ముందే అవి కాలిపోవును. హైదరాబాదు సంస్థవారు పల్లెపిల్లల తిండిని కొలిచి, ఎక్కువ ఇండ్లలో కొరత మొదట కెలొరీలదనియు, ఉన్న అన్నమునే ఇంకొంచెము కడుపునిండ తిన్నచో అందులోని మాంసకృత్తు చాలవరకు సరిపోవుననియు వాదించిరి. 1973లో వారు ప్రకటించిన పరీక్షయే దీనికి ఋజువు. హైదరాబాదు చుట్టుపట్ల పల్లెలలోని అయిదేండ్ల లోపు పిల్లలకు ఏడాదికి మించి దినదినము ఒక తినుబండారమును పెట్టిరి. అందులో సుమారు 300 కెలొరీల శక్తి, 3 గ్రాముల మాంసకృత్తు మాత్రమే. ఆ పిల్లలు ఎత్తులోను బరువులోను, అది తినని తోటిపిల్లలకంటె మేలుగ పెరిగిరి. మరుసటి ఏడాది, 1974లో, మెక్‌లారెన్ అను వైద్యుడు లాన్సెట్ పత్రికలోనే మాంసకృత్తుల పేరిట నడచిన ఆ హడావిడిని ఘోరవైఫల్యమని తీవ్రముగా విమర్శించెను.

1975 అక్టోబరు 2న దేశమున సమగ్ర శిశు అభివృద్ధి పథకము మొదలయ్యెను. పిల్లవానికి దినమునకు 300 కెలొరీలు, 8 నుండి 10 గ్రాముల మాంసకృత్తు అని అపుడు ఏర్పరచిరి. 2009లో దానిని 500 కెలొరీలకు, 12 నుండి 15 గ్రాములకు పెంచిరి. రెండు అంకెలు ప్రక్కప్రక్కన ఉండుటలోనే ముప్పది ఏండ్ల వాదము ఇమిడియున్నది: కట్టెయు కావలెను, అక్షరములును కావలెను. ఆంధ్రప్రదేశములోని అంగన్‌వాడీలలో అన్నము, పప్పుతో పాటు గ్రుడ్డు కూడ పెట్టుచున్నారు. 1946లో బ్లాక్, మిచెల్ అను పరిశోధకులు ఏ తిండిలో ఏ అమినో ఆమ్లము ఎంత తక్కువో తూచుటకు కొలబద్దగా ఎంచుకొన్నది ఆ కోడిగ్రుడ్డునే.